అత్త నోట మామ పేరు

మా మేనత్త మొగుడి పేరు పలికేది కాదు. అందులో విడ్డూరం ఏముంది, ఆ కాలపు ఆడవాళ్ళందరూ అంతే గదా అంటారు. నిజమే, కానీ మా అత్త అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివింది. మామ పేరూ, కౌతాళం దాటినాక ఉండే మా పుట్టినూరి తేరు మీద ఊరేగే దేవుడి పేరూ ఒకటే. దాంతో ఆ దేవుడి పేరు కూడా ఆమె నోట వచ్చేది కాదు. దండం పెట్టుకోవాలంటే "తోకసామీ, సల్లగా సూడప్పా" అనేది. దేవుడు తోక ఊపుకుంటూ వస్తాడులే అని మా నాయన ఎగతాళి చేసేవాడు. నేనూ ఇక్కడ ఎవరి పేరూ రాయబోవడం లేదు. అత్త దగ్గర అంటుకున్న జబ్బు అనుకోండి.

ఈ పట్టుదల వల్ల అత్త తలదాచుకున్న ఇల్లు కాస్తా పోయేంత పని జరిగింది. ఆ సంగతి చెప్తాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. అంతవరకూ బళ్ళారి జిల్లాలో ఉన్న మా ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసింది. నాకు పెళ్ళయి ఆదోనిలో కాపురం. మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవాడు, నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఎనిమిదో తరగతి దాకా చదివి ట్రైనింగు కూడా అయినదాన్ని కాబట్టి మా వాళ్ళలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా గుమ్మం తొక్కేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అందరికీ తెలుసు. ఆఫీసుల్లో పని కావాలంటే అట్లాంటి నోరే ఉండాలని అత్త అభిప్రాయం.

చెనిక్కాయలు పెరికి ఇళ్ళకు చేర్చిన రోజులు. ఒక ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి, చెనిక్కాయల మూట చంకన పెట్టుకొని అత్త మా ఇంటికి వచ్చింది. చెంబుతో నీళ్ళిస్తే తాగలేదు.

"పాపా, నా ఇల్లు పోయేటట్లుండాది," అంది.

ఎమ్మిగనూరులో అత్తది చిన్న మట్టిమిద్దె. ముందర గదిలో గుంతమగ్గం, వెనక పొయ్యి. వాళ్ళకు పిల్లలు లేరు. యుద్ధం నడిచే కాలంలో, నేతగాళ్ళకు నూలు దొరక్క అల్లాడుతున్నప్పుడు, మామ జబ్బుపడి పోయాడు. పోయేముందు ఇల్లూ మగ్గమూ సర్వహక్కులతో పెళ్ళానికే అని వీలునామా రాశాడు. ఎవరో తెలిసిన పెద్దాయన, ఉత్త కాగితం చాలదు, కోర్టులో రుజువు చేయించుకో అని సలహా ఇస్తే, అత్త ఆదోని కోర్టుకు వచ్చి ఆ పని కూడా చేయించుకుంది. కోర్టువాళ్ళ మాటలో దాన్ని ప్రొబేటు అంటారు. అసలు వీలునామా కోర్టు దగ్గరే ఉంచుకొని, సీలు వేసిన కాగితం అత్త చేతికిచ్చారు. అత్త దాన్ని గోడగూట్లో పెట్టి మరిచిపోయింది.

ఇప్పుడు మరిది కొడుక్కి పెళ్ళయింది. కొత్త కాపురానికి ఇల్లు కావాలి. "పెద్దమ్మా, నీకా పిల్లా జెల్లా లేరు. ఇల్లు మా తాత కట్టినది. నువ్వు మాతోనే తిని ఉండు, ఇల్లు నాకిడువు," అని ఊరి పెద్దల దగ్గర పంచాయతీ పెట్టించాడు. నా మొగుడు నాకు రాసిచ్చినాడని అత్త అంది. అయితే కాగితం చూపించు అన్నారు పెద్దలు. ఊరి జాతర లోపల చూపిస్తే ఇల్లు నీది, లేకుంటే పిల్లోనికి వదలాల అని తీర్పు చెప్పారు.

"గూడు తీసి సూస్తే యేముందే, సెదలు! కాగితమంతా తినేసినాయి. సీలు ఒక్కటే మిగిల్సినాయి, లక్క వాటికి రుచించలేదేమో."

నాకు నవ్వొచ్చింది. అత్త మొహం చూసి ఆపుకున్నాను.

"నవ్వుతావు నువ్వు. మగ్గం గుంత ఆ ఇంట్లోనే ఉండాది గదా. ఇల్లిడిసి పొమ్మంటే, గుంతను సంకన పెట్టుకొని పోయేకవుతుందా?" అని కళ్ళొత్తుకుంది. ఆమె తిండి ఆమె నేసుకొని తింటున్న మనిషి. ఇల్లు పోతే ఇంకొకరి పంచన చేరాలి, ఆ మరిది కొడుకు పెట్టినప్పుడు తినాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. కోర్టులో ఉన్న అసలు కాగితానికి నకలు తీసుకుంటే చాలు, చెదలు తిన్నా ఎలుకలు తిన్నా భయం లేదని ధైర్యం చెప్పాను. నకలంటే నిమిషాల పని అనుకున్నాను. అప్పటికి నాకేం తెలుసు!

మర్నాడు బడికి సెలవు పెట్టి అత్తను కోర్టుకు తీసుకుపోయాను. వసారా నిండా ఆలూరు వాళ్ళూ, ఆస్పరి వాళ్ళూ, గొడుగులూ, సద్దిమూటలూ. గోడ మీది బోర్డులో బళ్ళారి అన్న మాట చెరిపి కర్నూలు అని రాసినట్టున్నారు, కొత్త రంగు కింద పాత అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అది చూపించి, మన జిల్లా మారిందని చెప్పగానే అత్తకు కొత్త బెంగ పట్టుకుంది.

"అట్లయితే మీ మామ కాగితం బళ్ళారికి పోయుంటాదేమే?"

"మామ బళ్ళారి ఎందుకు పోతాడత్తా, నువ్వు నడువు," అని రికార్డు రూముకు లాక్కుపోయాను.

అక్కడి గుమాస్తా ముక్కుపొడుం పీలుస్తూ కూర్చున్న నడివయసు మనిషి. కేసు నంబరు ఉందా అన్నాడు. లేదన్నాను. నంబరు లేకపోతే వెతకమని ముందు ఒక అర్జీ పెట్టాలట. దొరికినాక చూడ్డానికి ఇంకొక అర్జీ, నకలుకు మరొక అర్జీ. ప్రతిదానికీ స్టాంపు అంటించాలి. పుస్తకాల్లో సంవత్సరం వారీగా, చనిపోయినవాళ్ళ పేరు మీద రాసుకుంటారట. ఆయనే కలం తీసుకొని అర్జీ రాయడం మొదలుపెట్టాడు.

"సచ్చిపోయినాయన పేరేమమ్మా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్నేనమ్మా. మీ ఆయన పేరు?"

"ఆయప్ప పేరే," అంది అత్త, కొంగులోంచి.

"యే ఆయప్ప?"

"మా ఆయప్పే."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "అమ్మా, మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని గదా మీ భయం. ఆయన పోయి యెన్నేండ్లాయె. ఇంగేం తగ్గుతుంది?"

"పైన ఉండేటోళ్ళకి తగ్గదని నీకు యెవురు సెప్పినారప్పా? పోయి సూసొచ్చినావా?"

వసారాలో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను అత్తను పక్కకు జరిపి మామ పేరు చెప్పాను. మామ పేరు చెప్పడానికి నాకేం అడ్డం? పైగా ఈ మూఢత్వం ఏమిటని అందరికీ వినబడేటట్టు అత్తకు నాలుగు మాటలు చెప్పాను కూడా. గుమాస్తా తల ఊపుతూ రాసుకున్నాడు.

"ఈమె తరఫున దాఖలు చేసేది మీరు గదా. మీ పేరు?"

చెప్పాను.

"భర్త పేరు?"

నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. పంతులమ్మను, పదిమందికి చదువు చెప్పేదాన్ని, కానీ మా ఆయన పేరు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"రాసిస్తాను, ఇట్లియ్యండి," అని కలం లాక్కున్నాను.

వసారా గొల్లుమంది. గురివింద గింజ తన నలుపెరగదంటే ఇదే. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అత్తే. "సదువుకున్నదానికీ అంతే గదా! సెయ్యికి సదువొచ్చినాది, నోటికి రాలేదు," అని ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా ఇంట్లో అందరికీ చెప్పి నవ్వించింది. మా ఆయనకు కూడా చెప్పింది.

సంవత్సరం దగ్గర ఇంకొక చిక్కు. అత్తకు తేదీలు తెలియవు. "నూలు కంట్రోలు వచ్చిన యేడు, వానలు పడే ముందర" అంది. నేను యుద్ధం లెక్క వేసుకొని ఒక సంవత్సరం చెప్పాను. గుమాస్తా మంచివాడే, ముందు వెనకల పుస్తకాలు కూడా చూస్తానన్నాడు. వారం తిరిగి రమ్మన్నాడు.

వారం తిరిగి పోయాం. ఆయన ముక్కుపొడుం డబ్బా మూసి, మెల్లగా చెప్పాడు.

"అంతా సూసినానమ్మా. మా పుస్తకాల ప్రకారం మీ మామ సచ్చిపోనే లేదు."

"అట్లనా!" అంది అత్త. "అట్లయితే యాడుండాడో సెప్పమనవే, పోయి పిల్చుకొస్తా. ఇంటి గొడవ ఆయప్పే తీరుస్తాడు."

గుమాస్తా నవ్వాడు, అత్త నవ్వింది, నాకు మాత్రం మండింది. సరిగ్గా వెతికి ఉండరని, ఆడవాళ్ళు కదా అని ఊరికే తిప్పుతున్నారని, ఇంకా ఏవేవో గట్టిగా అనేశాను. ఆయన అంతా విని, "అరిస్తే పుస్తకంలో పేరు పుడుతుందా తల్లీ?" అన్నాడు. జాతర దగ్గర పడుతోంది. అత్త చెయ్యి పట్టుకొని వచ్చేశాను.

ఇంటికొచ్చి అత్త ఊరికే కూర్చోలేదు. పొయ్యి ముందర చేరి జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. నేను చెనిక్కాయలు ఒలుస్తూ గుమాస్తాను తిడుతున్నాను.

"సుమ్నే ఉండు పాపా. ఆయప్పదేం తప్పుండాది," అంది. కౌతాళం వైపు వాళ్ళం గనుక మా మాటల్లో కన్నడం కలుస్తుంది, ఊరుకో అనడానికి సుమ్నే ఉండు అంటాం. "లేదంటే లేదు. మీ నాయన కాడికి పోయి ఉంటాను. ఆడ నా మగ్గానికి సోటు లేదు, దాన్ని యెవురికన్నా ఇచ్చేస్తా." రొట్టె తట్టే చెయ్యి ఆగింది. "మీ మామ తవ్విన గుంతే అది. నా కాలు పొట్టిదని కొలిసి కొలిసి తవ్వినాడు. వాళ్ళు పూడ్సేస్తారేమో."

ఆమె ఏడవడం నేను తట్టుకోలేను. ఏదో ఒకటి మాట్లాడించాలని, అప్పట్లో కోర్టుకు పోయినప్పుడు అర్జీ ఎవరు రాశారని అడిగాను. వసారాలో కూర్చొని అర్జీలు రాసే ఒక ముసలాయన రాశాడట.

"ఆయనా ఇట్లే పీడించినాడే, మొగుని పేరు సెప్పు, మొగుని పేరు సెప్పు అని."

"మరి చెప్పినావా?"

"యెట్ల సెప్తానే? గుర్తు సెప్పినా. మా ఊరి తేరు మీద కూసునే సామి పేరే అంటి. ఓ అట్లనా అని రాసుకున్నాడు. యెంత తెలివైన మనిషో!"

నేను ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా, మా ఊరి అన్నావా?"

"అంటి."

"ఏ ఊరు?"

"యే ఊరేమిటే, మా ఊరే. మన ఊరు."

అదీ సంగతి! ఆడదానికి మా ఊరు అంటే పుట్టినూరు. నేనైనా అంతే, ఆదోనిలో ఎన్నేళ్ళు కాపురం చేసినా మా ఊరు అంటే కౌతాళం దాటిన ఆ పల్లె తప్ప ఇంకొకటి మనసుకు రాదు. కానీ ఆ ముసలాయనకు ఏం తెలుసు? వీలునామా అత్త కొంగున ముడేసుకొని జడ్జిగారికి తప్ప చూపించి ఉండదు, అర్జీలో రాసుకున్న ఊరేమో ఎమ్మిగనూరు. ఎమ్మిగనూరు తేరు ఎవరికి తెలియదు? చుట్టుపక్కల తాలూకాల వాళ్ళందరూ ఎద్దులు తోలుకొని ఆ జాతరకే వస్తారు. ఆ తేరు మీద కూర్చునే స్వామికి తోక లేదు, గొంతులో నీలం ఉంది.

"అత్తా," అన్నాను, "ఆ ముసలాయన నీ మొగుడికి ఎమ్మిగనూరు సామి పేరు పెట్టినాడు."

అత్త నోరు తెరిచి నా వైపే చూసింది. "రాసినాక సదివి ఇనిపిస్తా అన్నాడే..."

"వినిపించినాడా?"

"ఇనిపించినాడు. ఆయప్ప పేరు వస్తుందని నేను కొంగు సెవులకి సుట్టుకుంటి."

ఇద్దరం పొట్ట పట్టుకొని నవ్వాం. పెనం మీద రొట్టె మాడిపోయింది. మా ఆయన మిల్లు నుంచి వచ్చి, ఈ ఆడవాళ్ళకు ఏమైందని వాకిట్లోనే నిలబడిపోయాడు.

మర్నాడు కోర్టు తెరవగానే రికార్డు రూము ముందర నిలబడ్డాం. ముందురోజు అరిచిన నోటితో అడగడానికి కొంచెం సిగ్గేసింది. విషయం చెప్తే గుమాస్తా ముక్కుపొడుం కూడా మరిచిపోయి నవ్వాడు. రెండో పేరు పెట్టి చూస్తే ఆ కట్ట ఇట్టే దొరికింది. అట్ట మీద మామ ఊరూ వీధీ సరిగ్గానే ఉన్నాయి, పేరు మాత్రం గొంతులో నీలం ఉన్న సామిది. అప్పట్లో అడ్డం చెప్పినవాళ్ళెవరూ లేరు, సాక్షులు కూడా "ఈయమ్మ మొగుడు" అన్నారే తప్ప పేరు అనలేదు, లోపలి కాగితంతో ఎవరూ పోల్చి చూడలేదు, అందుకని ఆ పొరపాటు అట్లే సాగిపోయింది.

చూడ్డానికి అర్జీ పెట్టాం. కట్ట విప్పి అసలు వీలునామా నా చేతికిచ్చారు. అందులో మామ పేరు సరిగ్గా ఉంది, మామ సంతకమూ ఉంది. అత్త గోడకు ఆనుకొని కూర్చుంది. నేను పైకి చదివాను. మామ పేరు వచ్చినప్పుడు అత్త చెవులు మూసుకోబోతే చెయ్యి లాగేశాను. ఆ తర్వాత వాక్యంలో "నా భార్య" అని ఉండి, పక్కనే అత్త పేరుంది. ఆమె చేతి కష్టం మీదనే ఈ ఇల్లు నిలబడింది గనుక ఇల్లూ మగ్గమూ ఆమెకే చెందవలసినది అని ఉంది.

"ఆగు," అంది అత్త. "అది మళ్ళా సదువు."

చదివాను.

"నా పేరుండాదా ఆడ? ఆయప్ప నోటితో సెప్పినాడా?"

"చెప్పకుంటే రాసేవాడికెట్ల తెలుస్తుందత్తా? సాక్షుల ముందర చెప్పే రాయించుంటాడు."

మామ కూడా పాతకాలపు మనిషే. కాపురం చేసినన్నాళ్ళూ అత్తను "ఇదో" అని తప్ప పిలవలేదు. ప్రొబేటు నాడు కోర్టులో ఈ కాగితం చదివే ఉంటారు, కానీ అప్పుడు దుఃఖంలో ఉన్న మనిషి, దానికితోడు చెవులకు కొంగు చుట్టుకొన్న మనిషి, ఏం విన్నదో!

"నా పేరు ఆయప్పకి తెలుసో తెలీదో అని నాకు అనుమానంగా ఉండె," అని అత్త గోడకేసి తిరిగింది. అక్కడున్న బంట్రోతు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

గుమాస్తా అసలు చిక్కు అప్పుడు చెప్పాడు. నకలు ఇస్తే పైన అట్ట మీది పేరే వస్తుంది. దాన్ని తీసుకుపోయి చూపిస్తే, ఇది ఎవరిదో వేరేవాళ్ళ కాగితమని మరిది కొడుకు అంటాడు. ఆ పేరు గల మనిషి, వీలునామాలో సంతకం చేసిన మనిషి ఒకరేనని జడ్జిగారి ఎదుట అత్త ప్రమాణం చేసి చెప్తే, తప్పు దిద్ది నకలు ఇస్తారు.

"నేను రాసిస్తే చాలదా?" అన్నాను.

"ఆయమ్మ నోటితోనే సెప్పాల," అన్నాడు. "మొగుడు ఆయమ్మకే గదా."

జడ్జిగారి దగ్గరికి పోయే రోజు మరిది కొడుకు కూడా వచ్చాడు. ఎవరి నోట్లోనో నువ్వుగింజ నానలేదు. కొత్త పంచె కట్టుకొని, మీసం దువ్వుకుంటూ వెనక నిలబడ్డాడు. "పెద్దమ్మ పేరు సెప్పేటప్పటికి మళ్ళా జాతర వస్తుంది," అని పక్కవాడితో అనడం నాకు వినబడింది. నేను వెనక్కి తిరిగేలోపల అత్త నా రెక్క పట్టుకొని ఆపింది.

పిలిచారు. అత్త బోనులో నిలబడింది. ఆ మనిషి పొట్టి, కొయ్య పైన మొహం మాత్రం కనబడుతోంది. జడ్జిగారు ఈ పక్కవారు కాదు, నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. కాగితాలు చూసి, జరిగింది గుమాస్తా నోట విని, పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు.

"చూడమ్మా, ఈ వీలునామా రాసిన మీ భర్త పేరేమిటి?"

అత్త కొంగు నోటి దాకా పోయింది. వెనక ఎవరో దగ్గారు. ఇక్కడ ఆమె పలకకపోతే ఇల్లు పోయినట్టే, నా నోరూ నా చదువూ ఎందుకూ పనికిరావు.

"పెళ్ళినాడు గడపలో ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్తేగానీ లోపలికి వదలరు గదా," అన్నారు జడ్జిగారు. "అప్పుడు చెప్పే ఉంటావు."

"యాడ సామీ!" అంది అత్త, కొంగు తీయకుండానే. "మా ఆడబిడ్డ సెయ్యి కింద దూరి లోపలికి ఉరికినా."

జడ్జిగారు నవ్వేశారు. బంట్రోతూ నవ్వాడు. "నా చెయ్యి కింద దూరడానికి లేదమ్మా. ఇప్పుడు నేను అడ్డం నిలబడ్డాననుకో. పేరు చెప్పి నీ ఇంట్లోకి పో."

అత్త కొంగు దించింది. ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి బల్ల మీది కట్ట వైపు చూసింది.

"సెప్తా సామీ. నలుగురి ముందర ఆయప్పే ముందు సెప్పినాడు గద నా పేరు. నాకేం?"

అని మామ పేరు చెప్పింది. చిన్నగా చెప్పింది. రాసుకునే గుమాస్తాకు వినబడలేదు, ఇంకొకసారి చెప్పమన్నాడు. ఈసారి గట్టిగా చెప్పింది. తండ్రి పేరుతో కలిపి చెప్పమన్నారు. కలిపి, ఇంకా గట్టిగా, తేరు ముందర గోవిందలు కొట్టేవాళ్ళలాగా చెప్పింది. వసారాలో ఉన్న ఆలూరు వాళ్ళు కూడా ఎవర్నో పిలుస్తున్నారనుకొని లోపలికి తొంగి చూశారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏదీ ఆపుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే మరిది కొడుకు మీసం వదిలేసి కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

తప్పు దిద్దిన నకలు జాతరకు ముందే చేతికొచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టుకొని ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో చదువొచ్చిన ఒకాయన మొదటినుంచి చివరిదాకా చదివి, కాగితం కళ్ళకద్దుకొని అత్తకే ఇచ్చేశాడు. ఇల్లు ఆమెదే, ఇంక మాట లేదన్నారు.

"సరే పెద్దమ్మా, ఉండు," అన్నాడు మరిది కొడుకు.

"ఉండమని నువ్వు సెప్పేదేందిరా? నా ఇంట్లో నేనుంటా," అంది అత్త. వెంటనే మెత్తబడింది. "జాతరకి నీ పెండ్లాన్ని తోల్కొని రా. ఓళిగలు సేస్తా. ఆ పిల్ల మగ్గం నేర్సుకుంటానంటే నేర్పిస్తా." వాడు తల గోక్కుంటూ, వస్తామని చెప్పి పోయాడు. పెళ్ళాంతో వచ్చాడు కూడా, ఆ బొబ్బట్లు కడుపునిండా తిన్నాడు.

పంచాయతీ అయిన ఆ సాయంత్రం అత్త తలుపు తీసింది. ఆదోనిలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు మూసిపెట్టి ఉండడంతో మగ్గం మీద దుమ్ము పట్టింది. నేను చీపురు కోసం వెతుకుతున్నాను. అత్త దీపం ముట్టించి మగ్గం పక్కన నిలబడింది. నిలబడి, కోర్టులో చెప్పినట్టు కాదు, పక్కనే పనిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, మామను పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత మగ్గం మీది దుమ్ము చేత్తోనే తుడిచింది.

"బతికుండగా ఒక్క తూరి ఇట్ల పిలిసింటే బాగుండు పాపా," అంది. "పని ఆపి, తల తిప్పి, యెట్ల సూసేటోడో. అది సూడకపోతి."